ఫీనిక్స్ ఎండలో 347 స్ట్రోకర్: కొన్ని వేసవులు నడిపాక కూలింగ్ సెటప్ ఎలా ఉందంటే

నేను ఉండేది అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో. నా 1968 ఫోర్డ్ మస్టాంగ్ కారుకు ఫ్యాక్టరీలో పెట్టినది 302 వీ8 (302 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్). దాన్ని 347 స్ట్రోకర్‌గా, అంటే పిస్టన్ కదిలే దూరం పెంచి 347 క్యూబిక్ అంగుళాల ఇంజన్‌గా కట్టించాను: బోర్ (సిలిండర్ వ్యాసం) 4.030 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 3 అంగుళాల నుంచి 3.40కి పెరిగింది. పవర్ పెరిగితే వేడీ పెరుగుతుంది. పైగా ఇక్కడ వేసవిలో 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్, మామూలే. అందుకే ఇంజన్‌తోపాటే రెండు వరుసల ట్యూబులున్న అల్యూమినియం రేడియేటర్, ఫుల్ ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు), క్లచ్ ఫ్యాన్ (వేడిని బట్టి ఇంజన్‌తో బిగిసి తిరిగే ఫ్యాన్), 180 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్, 16 పౌండ్ల ఒత్తిడి తట్టుకునే రేడియేటర్ క్యాప్ వేయించాను.

హైవే మీద టెంపరేచర్ గేజ్ ముల్లు 190 ఫారెన్‌హీట్ దగ్గరే ఉంటుంది. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే 210 దాకా వెళ్లి, బండి కదలగానే దిగుతుంది. నాకు ఇది చాలు.

రాగి వేడిని అల్యూమినియం కన్నా బాగా లాగుతుంది. అయినా అల్యూమినియం రేడియేటర్ ఎందుకంటే, దాని ట్యూబులు అంగుళం వెడల్పు ఉంటాయి. పాత రాగి-ఇత్తడి రేడియేటర్లలో అవి దాదాపు అర అంగుళమే. వెడల్పు ట్యూబ్‌కు ఫిన్లు (వేడిని గాలిలోకి వదిలే పలుచని రేకులు) ఎక్కువ మేర అతుక్కుంటాయి. అయితే డబ్బు తక్కువగా ఉంటే నేను ముందు కొనమనేది ష్రౌడే. అది లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది. మూలలు ఊరికే ఉంటాయి, ఇంజన్ దగ్గరి వేడి గాలే పక్కల నుంచి మళ్లీ తిరుగుతుంది. రెక్కలు ష్రౌడ్‌లో సగం లోపల, సగం బయట ఉండేలా చూసుకోవాలి.

బండి ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. ఆగినప్పుడు వేడెక్కి, వేగం అందుకోగానే తగ్గితే లోపం గాలిలో ఉంది. హైవే మీదే పెరుగుతూ పోతే నీళ్ల ప్రవాహమో, రేడియేటర్ సైజో చూడాలి. కింది హోస్‌లో స్ప్రింగ్ లేకపోతే పంప్ పీల్చినప్పుడు అది నొక్కుకుపోవచ్చు. ఈ ఫోర్డ్ స్మాల్ బ్లాక్‌లో కూలెంట్ బ్లాక్ వెనక నుంచి హెడ్‌లలోకి (సిలిండర్ల పై మూతలు) ఎక్కుతుంది, కాబట్టి హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ తిరగేసి వేస్తే ఏ రేడియేటరూ కాపాడలేదు. బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.

డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ అడ్వాన్స్‌ను (స్పార్క్‌ను ముందుకు జరిపే భాగం) మానిఫోల్డ్ వాక్యూమ్‌కు, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లోని పీల్పుకు, కలిపించడం కూడా బాగా పనిచేసింది. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు) మంట కాస్త ముందే అంటుకుంటుంది, హెడ్‌లలోకి వెళ్లే వేడి తగ్గుతుంది. ఖర్చు ఒక చిన్న హోస్ ముక్క!

ఎలక్ట్రిక్ ఫ్యాన్ వద్దనుకున్నాను. పెద్ద జంట ఫ్యాన్ 30 ఆంపియర్లు దాటి లాగుతుంది, ఆనాటి ఆల్టర్నేటర్ దాన్ని మోయలేదు.

ఫిర్యాదులూ ఉన్నాయి. సరిగ్గా సరిపోతుందని అమ్మిన రేడియేటర్‌కు మౌంటింగ్ రంధ్రాలు కలవలేదు, బ్రాకెట్లకు కొత్తగా డ్రిల్ చేయాల్సి వచ్చింది. చల్లటి స్టార్ట్‌లో క్లచ్ ఫ్యాన్ రొద బాగానే ఉంటుంది. ఇక్కడి కుళాయి నీళ్లలో ఖనిజాలు ఎక్కువ కాబట్టి కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే కలుపుతాను.

కార్బ్యురేటర్ వేడి మాత్రం ఈ సెటప్‌తో పూర్తిగా తీరలేదు. ఇంజన్ ఆపాక ఇథనాల్ కలిసిన పెట్రోల్ కార్బ్యురేటర్ బౌల్‌లోనే మరుగుతుంది, కాసేపటికి స్టార్ట్ చేస్తే మొరాయిస్తుంది. కార్బ్యురేటర్ కింద ఫినాలిక్ స్పేసర్ (వేడిని అడ్డుకునే దిమ్మ) వేశాక చాలావరకు తగ్గింది. మిగిలినదాని కోసం ఈ చలికాలం ఫ్యూయల్ లైన్‌ను హెడర్లకు (ఇంజన్ పొగ గొట్టాలు) దూరంగా మార్పిస్తున్నాను.