రేకు మేలైనదే, బిగింపు మన బాధ్యత: బాడర్ ఆస్ట్రోసోలార్ ఫిల్మ్ సమీక్ష

సూర్యగ్రహణాన్ని సొంత కెమెరాతో తీయాలనుకునేవారిలో చాలామంది లెన్సు గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. ఆ లెన్సు ముందు పెట్టవలసిన ఫిల్టరును మాత్రం ఆఖరి వారంలో ఏది చేతికి దొరికితే అది కొంటారు. నిజానికి సాధారణ 300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతో కూడా ముచ్చటైన గ్రహణ చిత్రాలు వస్తాయి. నాసిరకం ఫిల్టరు తగిలిస్తే ఎంత ఖరీదైన లెన్సయినా అక్కరకు రాదు. నేను వాడుతున్నది జర్మనీకి చెందిన బాడర్ ప్లానెటేరియం సంస్థ తయారుచేసే ఆస్ట్రోసోలార్ సేఫ్టీ ఫిల్మ్. ఈ సమీక్ష ముఖ్యంగా దాని గురించే.

ఇది రెండు వైపులా లోహపు పూత పూసిన పలుచని వెండి రంగు రేకు. ఏ4 కాగితమంత ముక్కగానూ, అంతకంటే పెద్ద పరిమాణంలోనూ దొరుకుతుంది. రెండు రకాలున్నాయి. డెన్సిటీ 5 అని రాసి ఉన్నది పడిన కాంతిలో లక్షవ వంతును మాత్రమే లోపలికి వదులుతుంది. కంటితో చూడటానికీ, చిత్రాలు తీయటానికీ పనికివచ్చేది ఇదే. డెన్సిటీ 3.8 రకం దానికంటే సుమారు పదహారు రెట్లు ఎక్కువ కాంతిని వదులుతుంది కనుక అది చిత్రీకరణకు మాత్రమే. ఇంట్లో పిల్లలున్నా, దూరదర్శినిని నలుగురితో పంచుకునే అలవాటున్నా రెండో రకాన్ని కొనకపోవడమే మేలు. బయటికి తీశాక రెండు రేకులూ ఒకేలా కనిపిస్తాయి, ఎవరు ఎప్పుడు ఏది తగిలిస్తారో చెప్పలేం.

పొట్లం విప్పగానే చాలామంది పెదవి విరుస్తారు. రేకు చదునుగా ఉండదు, అలలు అలలుగా ముడతలు పడి ఉంటుంది. అద్దంలా నున్నగా లేని ఈ వస్తువు స్పష్టమైన బొమ్మ ఎలా ఇస్తుందన్న సందేహం సహజమే. అయితే బొమ్మను చెడగొట్టేది రేకు మందంలోని హెచ్చుతగ్గులే తప్ప దాని వంపులు కావు. మందం అంతటా సమానంగా ఉన్న పలుచని పొర వంగినా, దాని గుండా వచ్చే కిరణాల దారి దాదాపు మారదు. ముడతలు పోగొట్టాలని డప్పు తోలులా లాగి బిగించినప్పుడే రేకు ఒక పక్క సాగి, ఆ సాగిన చోట బొమ్మ మసకబారుతుంది. వదులుగా, దాని మానాన దాన్ని వదిలేసినప్పుడే ఈ ఫిల్మ్ బాగా పనిచేస్తుంది.

బొమ్మ నాణ్యత విషయంలో నాకు ఫిర్యాదులేమీ లేవు. సూర్యబింబం తెల్లగా, అతి స్వల్పమైన నీలి ఛాయతో కనిపిస్తుంది. నల్లని పాలిమర్ ఫిల్టర్లు ఇచ్చే నారింజ రంగుకు అలవాటుపడిన కంటికి ఇది మొదట చప్పగా తోచవచ్చు. గ్రహణ చిత్రాలలో జనం మెచ్చేది ఆ నారింజ రంగునే కనుక, కావాలనుకున్నవారు తరువాత కంప్యూటర్‌లో దాన్ని చేర్చుకోవచ్చు. ఫిల్టరు మింగేసిన వివరాన్ని తిరిగి తెచ్చుకునే మార్గం మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. 80 మిల్లీమీటర్ల చిన్న దూరదర్శినికి ఈ రేకు తగిలించి చూస్తే సూర్యుడి మచ్చల నడిమి నల్లని భాగమూ, దాని చుట్టూ ఉండే బూడిద రంగు అంచూ విడివిడిగా తెలుస్తాయి. బింబపు అంచుల దగ్గర తెల్లని మరకల్లాంటి ఫాక్యులాలు కూడా కనిపిస్తాయి. గ్రహణ సమయంలో ఇది అందానికి మించిన ఉపయోగం: చంద్రుడి నల్లని అంచు ఒక్కొక్క మచ్చనే కమ్ముకుంటూ పోయే వరస చిత్రాలలో వస్తుంది, ఫోకస్ సరిచూసుకోవడానికి ఆ మచ్చలకు మించిన గుర్తు దొరకదు. సూర్యుడి మీద మచ్చలు లేని రోజున నెలవంక ఆకారపు కొమ్ముల మొనలను పట్టుకుని ఫోకస్ చేయాలి. ఆటోఫోకస్‌ను నమ్ముకోకుండా తెర మీద బొమ్మను పెద్దది చేసి చేతితో సరిచేసి, ఫోకస్ రింగును టేపుతో అంటించేయడం మంచిది. గ్రహణం ముదిరేకొద్దీ గాలి చల్లబడి ఫోకస్ కొద్దిగా జరుగుతుంది కనుక, సగం బింబం కనుమరుగయ్యాక ఇంకొకసారి చూసుకోవాలి.

ఎక్స్‌పోజర్ (సెన్సర్ మీద పడే కాంతి మోతాదు) విషయంలో ఈ ఫిల్మ్‌తో పని సులువు. డెన్సిటీ 5 రకంతో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రపు కొలత) దగ్గర సెకనులో 400వ వంతు ప్రాంతంలో మొదలుపెట్టి, అటూ ఇటూ ఒకటి రెండు మెట్లు (ఒక్కో మెట్టుకు కాంతి రెట్టింపో సగమో అవుతుంది) మార్చి తీసుకుంటే సరిపోతుంది. పాక్షిక గ్రహణంలో సగం సూర్యుడు మూసుకుపోయాడు కదా అని ఎక్స్‌పోజర్ రెట్టింపు చేయనవసరం లేదు, మిగిలిన సగం మునుపటంత కాంతితోనే వెలుగుతూ ఉంటుంది. నెలవంక మరీ సన్నబడినప్పుడు మాత్రం, బింబపు అంచు నడిమి భాగం కంటే సహజంగానే మసకగా ఉంటుంది కనుక, ఒక మెట్టు పెంచాలి. సూర్యుడు దిగంతానికి దగ్గరగా ఉండే గ్రహణాలలో ఈ లెక్కలేవీ నిలవవు. 2026 ఆగస్టు 12 నాటి సంపూర్ణ గ్రహణం స్పెయిన్‌లో సూర్యాస్తమయానికి కాస్త ముందు పడుతుంది. అంత కింద ఉన్న సూర్యుడి కాంతిని వాతావరణమే చాలావరకు తినేస్తుంది. అక్కడ ఇదే రేకుతో ఎక్స్‌పోజర్ బాగా పెంచక తప్పదు. గాలిలోని దుమ్మును బట్టి అది క్షణక్షణానికీ మారుతుంది కూడా.

ఇక అసలు చిక్కు బిగింపు దగ్గర. ఉత్త రేకుగా కొన్నప్పుడు, దాన్ని లెన్సు మీద నిలిపే చట్రం మనమే చేసుకోవాలి లేదా విడిగా కొనుక్కోవాలి. నాకు నచ్చినది మందపాటి అట్టతో చేసుకున్న చట్రమే. లెన్సు హుడ్ చుట్టూ అట్ట పట్టీని రెండు మూడు చుట్లు చుట్టి గొట్టంలా అంటించి, దాని ముందు రెండు అట్ట వలయాల మధ్య రేకును రెండు వైపులా జిగురున్న టేపుతో కూర్చాలి. బల్ల మీద పలుచని కాగితం పరిచి, రేకును దాని మీద వదులుగా పెట్టి, టేపు అంటించిన వలయాన్ని పైనుంచి మెల్లగా దించితే లాగుడు పడదు. వేలిముద్రలు పడకుండా అంచులు మాత్రమే పట్టుకోవాలి. గొట్టం లోపలి వైపు పలుచని ఫెల్ట్ గుడ్డ అంటిస్తే పట్టు కుదురుతుంది.

ఆ పట్టు ఎంత ఉండాలన్నదే ఈ వస్తువుతో అందరూ తేల్చుకోవలసిన విషయం. గాలి విసురుకు ఊడిపోయేంత వదులుగా ఉంటే కన్నుకూ, కెమెరాకూ ప్రమాదం. దూరదర్శినిలో కన్ను పెట్టి ఉండగా ఫిల్టరు ఊడితే రెటీనా కాలిపోవడానికి ఎంతో సేపు పట్టదు, నొప్పి తెలియదు కనుక వెనక్కి తగ్గాలన్న హెచ్చరిక కూడా అందదు. సంపూర్ణ గ్రహణం మొదలయ్యే వేళ ఫిల్టరు తీసేయాలి; మరీ బిగువుగా ఉంటే అప్పుడు అది ఊడి రాదు, లాగిన లాగుడికి లెన్సు తిరిగి ఫోకస్ చెడుతుంది, సూర్యుడు చట్రం నుంచి జారిపోతాడు. 2024 ఏప్రిల్ 8 నాటి గ్రహణంలో సంపూర్ణ దశ ఎంత ఎక్కువగా ఉన్నా నాలుగున్నర నిమిషాలకు లోపే. అందులో పావు నిమిషం మూత పీకడానికే పోతే ఆ నష్టం పూడ్చుకోలేం. మరలతో తిప్పి బిగించే ఫిల్టర్లను సంపూర్ణ గ్రహణానికి నేను వద్దనడానికి ఇదే కారణం. కంకణ గ్రహణానికైతే అవి చక్కగా సరిపోతాయి, ఎందుకంటే అందులో స్పర్శ కాలం నుంచి మోక్ష కాలం వరకు ఫిల్టరు తీయవలసిన సందర్భమే రాదు. అయస్కాంతంతో అతుక్కునే రింగులు తొడిగే చట్రానికీ, మరల ఫిల్టరుకూ మధ్యేమార్గం; పెద్ద లెన్సుల మీద అవి గాలికి నిలుస్తాయా లేదా అన్నది ముందుగా ఆరుబయట పరీక్షించుకోవాలి.

సంపూర్ణ దశకు సుమారు ఇరవై ముప్పై సెకన్ల ముందు, కన్ను కెమెరా తెర మీదే ఉంచి, చట్రాన్ని ఒక చేత్తో నేరుగా ముందుకు లాగాలి. అప్పుడే వజ్రపుటుంగరమూ (సూర్యుడి ఆఖరి మెరుపు ఉంగరపు రాయిలా కనిపించే దృశ్యం), చంద్రుడి అంచు మీది లోయల గుండా జారే బెయిలీ పూసలనే కాంతి చుక్కలూ చిత్రంలో పడతాయి. ఆ కొద్ది సెకన్లలో కంటికి ఆనించుకునే అద్దాల వ్యూఫైండర్‌లోంచి చూడటం పనికిరాదు. సంపూర్ణ దశలో ఈ రేకు ఉంటే ఏమీ కనిపించదు. కరోనా, అంటే సూర్యుడి బయటి వాతావరణం, దాని కాంతి నిండు చంద్రుడి కాంతికి దరిదాపుల్లోనే ఉంటుంది కనుక లక్షవ వంతు చేస్తే మిగిలేది చీకటే. సూర్యుడి అవతలి అంచు మళ్ళీ మెరవగానే చట్రం తిరిగి లెన్సు మీదకు చేరాలి. ఊడదీసిన చట్రాన్ని నేల మీద పెట్టకుండా మెడలో తాడుకు తగిలించుకునే ఏర్పాటు ఉంటే వెతుకులాట తప్పుతుంది.

వాడే ప్రతిసారీ రేకును ఎండకేసి గానీ, ప్రకాశవంతమైన దీపానికేసి గానీ పట్టి చూడాలి. సూదిమొనంత చుక్కలు మెరిస్తే పూత లేచిందన్న మాట. అలాంటి ఒకటి రెండు చుక్కల మీద నల్ల రంగు అద్ది వాడుకునేవారున్నారు. ఏ4 ముక్క ఒకదానిలో ఇంకో లెన్సుకు సరిపడా రేకు మిగిలే ఉంటుంది కనుక, కంటితో చూసే పరికరానికి నేనైతే కొత్త ముక్కే వేస్తాను. మడత గీత పడినదాన్నీ, చిరుగు పట్టినదాన్నీ ఆలోచించకుండా పారేయాలి. దూరదర్శిని పక్కన గురి చూసుకోవడానికి ఉండే చిన్న ఫైండర్‌కు కూడా ఇదే రేకుతో మూత చేయాలి లేదా దాన్ని పూర్తిగా ఊడదీయాలి. పెద్ద గొట్టానికి ఫిల్టరు పెట్టి చిన్నదాన్ని మరిచిపోవడం అరుదైన పొరపాటేమీ కాదు.

ఇతర ఫిల్టర్లతో పోలిస్తే ఇది ఎక్కడ నిలుస్తుంది? 16.6 స్టాపుల (మెట్ల) ఎన్‌డీ ఫిల్టర్లు, అంటే రంగు మార్చకుండా కాంతిని తగ్గించే నల్లని అద్దాలు, కూడా లెక్క ప్రకారం లక్షవ వంతునే వదులుతాయి. కానీ వాటిలో చాలావరకు కెమెరా సెన్సర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి, కంటికి హాని చేసే పరారుణ కాంతిని ఎంత ఆపుతాయన్న హామీ అన్నింటికీ ఉండదు. ఐఎస్‌ఓ 12312-2 అనే అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఉన్న గ్రహణ కళ్ళద్దాలు ఉత్త కంటికి ఉద్దేశించినవి. వాటిని పెట్టుకుని ఫిల్టరు లేని బైనాక్యులర్‌లోంచి చూస్తే, పోగుపడిన కాంతి ఆ అద్దాలను కాల్చేసి కంటిని చేరుతుంది. ఫిల్టరు ఏదైనా సూర్యుడి వైపు, అంటే లెన్సుకు ముందు ఉండాలన్నది మినహాయింపు లేని నియమం. ఐపీస్‌కు (కన్ను ఆనించే కటకానికి) బిగించే పాతకాలపు నల్లద్దాలు వేడికి పగిలిన సందర్భాలున్నాయి, అవి ఎక్కడైనా కనిపిస్తే విసిరేయడమే.

ఈ ఫిల్మ్‌లో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలు కనిపించలేదని నిరాశపడేవారికి ఒక మాట: అవి 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ ఎరుపు కాంతిలో కనిపిస్తాయి, వాటికి ప్రత్యేకమైన హెచ్-ఆల్ఫా దూరదర్శిని ఉండాలి. సంపూర్ణ గ్రహణంలో మాత్రం ఫిల్టరు తీసిన లెన్సుకే గులాబీ రంగు మొగ్గల్లా అవి దొరుకుతాయి.

చంద్రగ్రహణం కోసం ఈ రేకు కొనాలని అనుకుంటే ఆ ఆలోచన మానుకోవచ్చు. చంద్రుడికి ఏ ఫిల్టరూ అక్కర్లేదు. అక్కడి ఇబ్బంది సరిగ్గా తిరగబడినది: నిండు చంద్రుడికి ఎఫ్/8, ఐఎస్‌ఓ 100 దగ్గర సెకనులో 250వ వంతు సరిపోతుంది. సంపూర్ణ గ్రహణంలో ఎరుపెక్కిన చంద్రుడు అంతకంటే పది వేల రెట్లకు పైగా మసకబారవచ్చు, ఎంత మసకబారతాడన్నది భూమి వాతావరణంలోని ధూళి మీద కూడా ఆధారపడి ఉంటుంది. 400 మిల్లీమీటర్ల లెన్సును కదలని ట్రైపాడ్ మీద పెట్టి ఒక సెకను తీస్తే, 4 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న సెన్సర్ మీద చంద్రుడు ఏడు పిక్సెళ్ళ మేర జరిగి అలికినట్టు కనిపిస్తాడు. ఆ డబ్బు ఆకాశంతో పాటు తిరిగే చిన్న ట్రాకర్ మీద పెడితే రెండు గ్రహణాలకూ ఉపయోగం, సంపూర్ణ సూర్యగ్రహణంలో మూత తీసే చేతులకూ కొంత వెసులుబాటు దొరుకుతుంది.

పాక్షిక దశలకు, కంకణ గ్రహణానికి, రోజువారీ మచ్చల పరిశీలనకు డెన్సిటీ 5 ఫిల్మ్‌ను నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. పెద్ద దూరదర్శినితో, ఎఫ్/20 దాటిన పొడవైన ఫోకల్ నిష్పత్తితో (నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది), గాలి కదలికను ఓడించేంత చురుకైన షట్టర్ కావాలనుకునే అనుభవజ్ఞులకే డెన్సిటీ 3.8. చట్రాన్ని లెన్సు సంచిలో వదులుగా పడేయకుండా, మూత గట్టిగా ఉన్న చదునైన డబ్బాలో, రేకుకు ఏదీ తగలకుండా దాచాలి. తడిగుడ్డతోనూ ద్రావకాలతోనూ తుడవకూడదు; దుమ్ము పడితే చేతి పంపుతో మెల్లగా ఊదితే చాలు.