రోజూ వేసే సూదా, ఒక్కసారి వేసే పెగ్ సూదా?

కీమో తర్వాత తెల్లకణాలను పెంచడానికి వేసే సూదులివి: రోజూ వేసేది ఫిల్‌గ్రాస్టిమ్, ఒక్కసారి వేసేది పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ (పెగ్). కీమో ఎక్కించాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. వాటిలో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే రకమైన న్యూట్రోఫిల్ రక్తంలో బతికేది గంటల లెక్కలోనే. మూలుగలో ఉత్పత్తి తగ్గగానే ముందు తెలిసేది న్యూట్రోఫిళ్లలోనే. ఎర్రకణానిది 120 రోజుల ఆయుష్షు, నింపాదిగా తగ్గుతుంది.

ఫిల్‌గ్రాస్టిమ్ కిలో బరువుకు 5 మైక్రోగ్రాములు, రోజూ, న్యూట్రోఫిళ్ల కౌంటు కోలుకునేదాకా. కిడ్నీలు దాన్ని గంటల్లో బయటికి పంపేస్తాయి మరి. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ పెద్దలకు 6 మిల్లీగ్రాములు, ఒక్కో కీమోకు ఒక్కటే. అణువు పెద్దది, కిడ్నీ దాటదు. న్యూట్రోఫిళ్లు పెరిగాక అవే దాన్ని ఖర్చు చేసేస్తాయి. ఏ సూదైనా కీమో ముగిశాక 24 గంటలు ఆగే వేయాలి.

కుప్పం నుంచి తిరుపతికి వచ్చిపోయేవాళ్లకు, ఊళ్లో రోజూ సూది వేసే మనిషి లేకపోతే, పెగ్గే నయం. వారం వారం కీమో అయితే మాత్రం కుదరదు: పెగ్ వేశాక తర్వాతి కీమోకు 14 రోజుల ఎడం కావాలి.

రెండూ 2–8 డిగ్రీల్లోనే ఉండాలి. మే ఎండలో బస్సులో తెస్తుంటే ఐస్‌ప్యాక్‌కూ మందు డబ్బాకూ మధ్య తువ్వాలు మడిచిపెట్టండి. మందు గడ్డకట్టకూడదు. నడుము, తొడ ఎముకల లాగుడు రెండింటితోనూ ఉంటుంది. ప్లేట్‌లెట్లను ఏదీ పెంచదు. ఏ సూది వేసినా జ్వరం 100.4 తాకితే పారాసిటమాల్ మింగి తెల్లారేదాకా చూడొద్దు, రాత్రికి రాత్రే ఆసుపత్రికి బయల్దేరాలి.