నూడుల్స్ కోసం కార్బన్ స్టీల్ వోక్ (చైనా వాళ్లు వేపుళ్లకి వాడే బాణలి) కొన్నాను, ఎనిమిది నెలల తర్వాత రాస్తున్న రివ్యూ

కొన్న వారానికే రాసుంటే ఒక్క స్టార్ ఇచ్చేదాన్ని. నెల తర్వాత రాసుంటే ఐదుకి ఐదూ ఇచ్చేదాన్ని. ఎనిమిది నెలలు వాడి, ఒకసారి తుప్పు పట్టించి, మళ్లీ బాగుచేసుకున్నాక ఇప్పుడు నాలుగు ఇస్తున్నాను. ఆ తగ్గించిన ఒక్క స్టార్ వోక్‌ది కాదు, దాంతో పాటు పెట్టెలో వచ్చిన కాగితానిది.

నాది 14 అంగుళాలది, అంటే అటూ ఇటూగా 35 సెంటీమీటర్లు. అడుగు చదునుగా ఉంటుంది, రేకు మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఒకవైపు పొడుగు చెక్క పిడి, ఎదురుగా చిన్న చెవి. అంతకుముందు వెజ్ నూడుల్స్ నాన్‌స్టిక్ బాణలిలో చేసేదాన్ని. తినలేనంత ఘోరంగా ఏమీ ఉండేవి కావు కానీ ఎప్పుడు చేసినా తడితడిగా, ఒకదానికొకటి అతుక్కుపోయి, ఉడికిన క్యాబేజీ వాసన కొడుతూ ఉండేవి. మంట పెంచితే బాగుపడతాయని తెలుసు, కానీ నాన్‌స్టిక్‌ని పెద్ద మంట మీద ఖాళీగా కాల్చకూడదు, 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. ఈ వేపుడికి కావాల్సిందేమో సరిగ్గా ఆ వేడే. అందుకే పూతా గీతా లేని మామూలు ఉక్కుది కొన్నాను.

ఇక ఆ కాగితం సంగతి. అందులో పెద్ద అక్షరాలతో "కడిగి నేరుగా వాడుకోవచ్చు" అని ఉంది. సరే అని సబ్బు నీళ్లతో ఒకసారి కడిగి, ఆ రాత్రే ఇద్దరికి సరిపడా నూడుల్స్ వేశాను. తెల్లటి నూడుల్స్ కాస్తా బూడిద రంగులోకి మారాయి, నోట్లో పెట్టుకుంటే కుట్టు మిషన్‌కి వేసే నూనె వాసన! మొత్తం చెత్తబుట్టలో పోశాను. తర్వాత తెలిసిందేంటంటే, దారిలో తుప్పు పట్టకుండా వీటికి ఫ్యాక్టరీలోనే ఒక రక్షణ పూత పూస్తారు, అది పూర్తిగా పోయేదాకా వంట చేయకూడదు. కంపెనీకి మెయిల్ పెడితే పదకొండు రోజుల తర్వాత జవాబొచ్చింది, తెరిచి చూస్తే అదే కాగితం ఫొటో. ఇంతకంటే ఏం చెప్పను.

కాబట్టి మీరు ఏ కంపెనీది కొన్నా ముందు ఈ పని చేయండి. వేడి నీళ్లు, సబ్బు, స్టీల్ పీచు తీసుకుని లోపలా బయటా గట్టిగా తోమండి. ఒక్కసారితో వదలదు, నాకు మూడుసార్లు పట్టింది. తర్వాత కిటికీలు తెరిచి పెద్ద మంట మీద ఖాళీగా పెట్టండి. వెండిలా మెరిసే రేకు ముందు లేత పసుపుకి, తర్వాత గోధుమ రంగుకి, అక్కణ్ణుంచి నెమలి మెడలాంటి నీలానికి మారుతుంది, ఆఖరికి బూడిద కలిసిన నీలంలో ఆగుతుంది. అది చూడ్డానికే ఒక సరదా. అడుగు అయ్యాక అంచుల్ని కూడా మంట వైపు తిప్పుతూ కాల్చాలి, చెయ్యి లాగేస్తుంది. కాస్త చల్లారాక పాత గుడ్డ ముక్కని పటకారుతో పట్టుకుని, వాసన లేని రిఫైన్డ్ నూనె పలచగా, దాదాపు తుడిచేసినంత పలచగా రాసి, పొగ వచ్చేదాకా మళ్లీ కాల్చాలి. ఇలా మూడు నాలుగుసార్లు. ఆ వేడికి నూనె గట్టిపడి రేకుకి పొరలా పట్టేస్తుంది, తర్వాత ఏది వేసినా అంటుకోకుండా కాపాడేది ఆ పొరే. నూనె ఎక్కువ రాస్తే మాత్రం జిగటగా బంకలా మిగులుతుంది, నేను రెండోసారి చేసిన తప్పు అదే. చివరికి ఉల్లికాడల మొదళ్లు, అల్లం తొక్కలు వేసి పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిప్పుతూ వేపి పారేశాను. చైనాలో కొత్త వోక్‌కి ఇలాగే చేస్తారు, ఆ మిషన్ వాసన ఆనవాలు కూడా లేకుండా పోయింది.

ఇంత చేశాక కూడా మొదటి రెండుసార్లు నూడుల్స్ అడుగంటాయి. వోక్‌నే తిట్టుకున్నాను, తప్పు నాదే. వోక్ పనిలో సగం అసలు వోక్ బయటే ఉంది. నూడుల్స్‌ని ప్యాకెట్ మీద రాసిన టైమ్ కంటే ఒక నిమిషం ముందే, కాస్త పలుకుండగానే దించేసి, చన్నీళ్లు పోసి, చిల్లుల గిన్నెలో వంచేయాలి. ఇక్కడిదాకా అందరూ చేసేదే. ఆ తర్వాత ఒక పళ్లెంలో పరిచి, చెంచా నూనె కలిపి, పదిహేను నిమిషాలు అలా వదిలేయాలి. వేలితో ముట్టుకుంటే తడి తగలకూడదు. తడి ఉందంటే వోక్ వేడంతా ఆ నీళ్లని ఆవిరి చేయడానికే సరిపోతుంది, మనకి మిగిలేది ఉడికిన నూడుల్స్‌ని మళ్లీ ఉడికించడం. కూరగాయలదీ అదే కథ, కడగ్గానే తరిగి వేసేస్తే చుయ్‌మనాల్సింది కుతకుతమంటుంది.

శాకాహారులు ప్యాకెట్ వెనక వైపు తప్పకుండా చదవాలి. పసుపుగా ఉన్న నూడుల్స్ అన్నీ గుడ్డువి కావు, పిండిలో సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ లాంటి క్షారాలు కలిపినా గోధుమ పిండి పసుపు తిరిగి, నూడుల్స్ సాగుతూ ఉంటాయి. అలాగని అన్నీ గుడ్డు లేనివీ కావు, రంగుని బట్టి చెప్పలేం. ఆయిస్టర్ సాస్ కూడా చూసుకోవాలి, పేరుకి తగ్గట్టే అది సముద్రపు ఆల్చిప్పల్లోని మాంసంతో చేసేది. దాని బదులు పుట్టగొడుగులతో చేసిన సాస్ దొరుకుతుంది, రుచిలో పెద్ద లోటేమీ లేదు. వెల్లుల్లి, ఉల్లి తినని వాళ్లు కూడా దిగులు పడక్కర్లేదు, చైనా బౌద్ధ ఆలయాల వంటల్లో ఆ రెండూ వేయరు. అల్లం, పుట్టగొడుగులు, సోయా సాస్‌తోనే లాగించేస్తారు.

ఇప్పుడు అసలు వంట. ఇద్దరికి ఎండు నూడుల్స్ 150 నుంచి 200 గ్రాములు, అంతకు మించి ఒక్కసారి వేయొద్దు. ఒక కప్పులో ఒకటిన్నర టేబుల్ స్పూన్ల లైట్ సోయా సాస్, అర టీస్పూన్ డార్క్ సోయా సాస్, అర టీస్పూన్ చక్కెర, తెల్ల మిరియాల పొడి కలిపి పక్కన పెట్టుకోండి. లైట్ ఉప్పదనానికి, డార్క్ రంగుకి. విడిగా ఉప్పు వద్దు, ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. వోక్ పొగ వచ్చేదాకా కాగాక నూనె వేసి, క్యారెట్, క్యాప్సికమ్, క్యాబేజీ ఒకటిన్నర నిమిషం వేపి పళ్లెంలోకి తీసేస్తాను. మళ్లీ నూనె, అల్లం వెల్లుల్లి తరుగు, వెంటనే నూడుల్స్.

ఇక్కడే నాకు ఎనిమిది నెలలు పట్టింది నేర్చుకోవడానికి. నూడుల్స్ వేయగానే చెయ్యి ఊరుకోదు, కలపాలనిపిస్తుంది. కలపకండి! అట్లకాడతో అడుగున పరిచినట్టు సర్ది, అర నిమిషం, నలభై సెకన్లు అలాగే వదిలేయండి. మొదట చిటపట గట్టిగా వినిపిస్తుంది, కాసేపటికి శబ్దం సన్నబడుతుంది, అప్పుడు కింది నుంచి తిరగేస్తే అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలతో కరకరలాడుతూ పైకొస్తాయి. అప్పుడు కూరగాయలు మళ్లీ వేసి, సాస్‌ని నూడుల్స్ మీద కాకుండా వోక్ అంచు చుట్టూ పోయాలి. ఆ కాలిన గోడ మీద పడగానే సోయా సాస్ బుసబుసమని పొంగి, ఒక్క క్షణంలో చిక్కబడి కిందికి జారుతుంది, ఆ వాసనకి పక్క గదిలో వాళ్లు లేచి వచ్చేస్తారు. పెసర మొలకలు, ఉల్లికాడల ఆకుపచ్చ ముక్కలు వేసి రెండు తిప్పులు తిప్పి, స్టవ్ కట్టేశాక వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె నాలుగు చుక్కలు. పొయ్యి మీద మొత్తం ఐదు నిమిషాలు. కాగితం మీద "ఐదు నిమిషాల్లో రెస్టారెంట్ నూడుల్స్" అన్న మాట నిజమే, తరగడానికీ ఆరబెట్టడానికీ పట్టే ముప్పావుగంట సంగతి వాళ్లు రాయలేదంతే.

రెస్టారెంట్ రుచి వస్తుందా అంటే, పూర్తిగా రాదు. కాంటనీస్‌లో "వోక్ హే" అంటారు, వోక్ ఊపిరి అని అర్థం, ఆ లేత పొగ వాసన కలిసిన రుచి. దానికి కావాల్సిన మంట ఇంటి స్టవ్ ఇవ్వలేదు, రెస్టారెంట్లలో వోక్ కింద పెట్టే బర్నర్లు మన వాటికి ఎన్నో రెట్లు పెద్దవి. నాన్‌స్టిక్‌లో చేసినప్పుడు నాకు అందులో పదో వంతు వచ్చేది, దీంట్లో సగం పైనే వస్తోంది. నలుగురికి చేయాలంటే రెండు విడతలుగా చేస్తాను. ఒకసారి బద్ధకించి నాలుగు వందల గ్రాములూ ఒకేసారి వేశాను, వోక్ చల్లబడిపోయి పాత తడి నూడుల్సే మళ్లీ పళ్లెంలోకి వచ్చాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. బరువు రెండు కిలోలకి కాస్త తక్కువ, ఒంటి చేత్తో ఎగరేయడం నా వల్ల కాలేదు, అట్లకాడతోనే తిప్పుతాను. పిడి మర నెలకోసారి వదులవుతుంది, స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకోవాలి. వెనిగర్, టమాటా లాంటి పులుపు వేసి ఎక్కువసేపు ఉడికిస్తే నల్లటి పొర కరిగిపోతుంది, పులుపు కావాలంటే దించే ముందు వేసుకోవాలి. కడిగిన వెంటనే మంట మీద తడి ఆర్చి నూనె చుక్క రాయాలి, లేదంటే తెల్లారేసరికి తుప్పే. మా చెల్లి వచ్చినప్పుడు పాపం సాయం చేద్దామని స్టీల్ పీచుతో తెల్లగా తోమేసి, నీళ్లు పోసి నానబెట్టి, "అక్కా, నీ బాణలి ఎంత మాడిపోయిందో, గంట పట్టింది నాకు" అని గొప్పగా చెప్పింది. ఏమంటాను, థ్యాంక్స్ అన్నాను. మర్నాడు నారింజ రంగు తుప్పు గీకి, కాల్చి, నూనె రాసి, మళ్లీ మొదటి నుంచి. గంటన్నరలో మామూలైపోయింది, అదే నాన్‌స్టిక్ పూత గీసుకుపోయుంటే పారేయడమే.

గ్యాస్ స్టవ్ ఉండి, వారానికి ఒకసారైనా ఇలాంటి వేపుళ్లు చేసుకునేవాళ్లు కొనొచ్చు. ఇండక్షన్ మాత్రమే ఉంటే కొంచెం ఆలోచించండి. అడుగు చదునుగా ఉంది కాబట్టి పని చేస్తుంది, కానీ వేడంతా అడుగునే ఆగిపోతుంది, గోడలు కాగవు, అంచున సాస్ పోసి బుసబుసలాడించడం కుదరదు. పైగా పలచటి రేకు కదా, ఒక్కసారిగా ఫుల్లు పెడితే అడుగు వంగిపోయే ప్రమాదం ఉంది. మూత వోక్‌తో రాదు, విడిగా కొనుక్కోవాలి, నూడుల్స్‌కైతే దాని అవసరమే లేదు.