1,800 రూపాయలు, ఎనిమిది ఆదివారాలు: హనుమకొండలో దేశ భద్రత, విదేశాంగ విధానం తరగతులకు పోయొచ్చాను

2025 ఆగస్టులో మా ఎరువుల షాపు ముందు పొద్దున నాలుగింటికే చెప్పుల లైను ఉండేది. గంటలు గంటలు నిలబడలేక రైతులు చెప్పులు వరసగా పెట్టి, పాసుబుక్కు జిరాక్సు మీద రాయి పెట్టి, పక్కన అరుగు మీద కూర్చునేవాళ్లు. ఒక పెద్దమ్మ రోజూ వచ్చి "ఏం బిడ్డా, యూరియా ఎందుకొస్తలేదు? ఎవరాపిండ్రు?" అని అడిగేది. 45 కిలోల బస్తా, 266 రూపాయల 50 పైసలు. పదిహేనేళ్లుగా అమ్ముతున్న సరుకు. అయినా ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. "పైనుంచి రాలేదమ్మా" అనేవాణ్ని. ఆ పైన ఏముందో తెలుసుకోవాలనే పట్టుదల నాకు అప్పుడే పుట్టింది.

దసరా తర్వాత నక్కలగుట్టలో ఈ తరగతులు పెడుతున్నారని మిత్రుడు చెబితే మొదటిరోజే డబ్బులు కట్టాను. నడిపేది పెద్ద సంస్థేమీ కాదు, బయట బోర్డు కూడా లేదు, ముగ్గురు స్నేహితులు ఒక రెండో అంతస్తు హాలు అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. పాఠాలు చెప్పినవాళ్లు నలుగురు: రిటైరైన ఆర్మీ అధికారి ఒకరు, విదేశాంగ శాఖలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు, ఎకనామిక్స్ సారు, పొలిటికల్ సైన్స్ సారు. మేము నలభైమందిమి ఉన్నాం. సగం మంది గ్రూప్స్‌కు చదివే పిల్లలు, మిగతావాళ్లు నాలాంటి వ్యాపారులు, టీచర్లు, ఇద్దరు ముగ్గురు గృహిణులు.

ముందే చెప్తున్నా, వెళ్లండి. బాగుంది. లోపాలు ఉన్నాయి, అవి కూడా రాస్తాను.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆ నలుగురూ ఒకే మాట మీద లేకపోవడం, ఆ సంగతి మా ముందు దాచకపోవడం. 2025 మే నెలలో పాకిస్తాన్ మీద ఆపరేషన్ సిందూర్ జరిగిన ఆ నాలుగు రోజులు రాత్రి రెండింటి దాకా టీవీ చూసి టెన్షన్‌తో నిద్రపట్టనివాళ్లలో నేనూ ఒకణ్ని, ఎందుకంటే మా మేనత్త మనవడు జమ్ములో డ్యూటీలో ఉన్నాడు. టీవీలో నలుగురు నిపుణులను కూర్చోబెడితే నలుగురూ ఒకేసారి అరిచేవాళ్లు. ఇక్కడ అట్లా కాదు. ఆర్మీ సారు ఆ నాలుగు రోజుల గురించి ఒక్కటే చెప్పారు: బాంబుల వీడియోలు పక్కన పెట్టండి, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎన్ని గంటలకు చేశారు, అది చూడండి. మే 10 మధ్యాహ్నం 3:35కి పాకిస్తాన్ డీజీఎంవో (సైనిక ఆపరేషన్లు చూసే పెద్ద అధికారి) మన డీజీఎంవోకు ఫోన్ చేశారని, సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలని ఒప్పుకున్నారని మన విదేశాంగ కార్యదర్శే ప్రకటించారు. ఆ రోజు నేను టీవీ ముందే ఉన్నా, ఈ సంగతి నా చెవికి ఎక్కలేదు.

మూడో ఆదివారం చైనా. ఆ తరగతి నేను మరచిపోలేను. ముందు ఆర్మీ సారు లద్దాఖ్ గురించి చెప్పారు. 15,000 అడుగుల పైకి పోవాల్సిన జవానును ఒక్కసారే ఎక్కించరట, 9,000 దాటాక ఆరు రోజులు, 12,000 దాటాక నాలుగు రోజులు, 15,000 దాటాక ఇంకో నాలుగు రోజులు ఆపి ఆపి పంపాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి పోతాడు. అంటే అవతలి వాడు ముందే పైకెక్కి కూర్చుంటే మనం బలగాలు పంపడానికి పద్నాలుగు రోజులు కావాలి. ఆ తర్వాత 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనావాళ్లతో జరిగిన పోరు గురించి మొదలుపెట్టి, సూర్యాపేట బిడ్డ, 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబు పేరు చెప్పి కాసేపు ఆగిపోయారు. ఆ రాత్రి 20 మంది మనవాళ్లు పోయారు. హాలులో చప్పుడు లేదు. తుపాకులు ఎందుకు పేల్చలేదు అని ఒక పిల్లవాడు అడిగాడు. చైనాతో 1996 ఒప్పందం ప్రకారం సరిహద్దులోని వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు రెండు పక్షాలూ కాల్పులు జరపకూడదు, అందుకే పోరు రాళ్లతో, ఇనుప రాడ్లతో జరిగింది అన్నారు సారు. ఆ ఒప్పందాలు మన చేతులు కట్టేశాయి, మనం మాట మీద నిలబడ్డాం, వాళ్లు రోడ్లు వేసుకున్నారు అని ఆయన అభిప్రాయం.

విదేశాంగ శాఖ పెద్దాయన లేచి, నేను ఒప్పుకోను అన్నారు. ఆయన మొదలుపెట్టింది పీవీ నరసింహారావు ఊరు, మన వంగర నుంచి. 1993 సెప్టెంబరులో బీజింగ్‌లో సరిహద్దు వెంట శాంతి కాపాడుకుందాం అని మొదటి ఒప్పందం చేసుకున్నది పీవీ ప్రభుత్వం. దానికి రెండేళ్ల ముందు, 1991లో, మన దగ్గర విదేశీ మారకం లేక దాదాపు 47 టన్నుల బంగారం విదేశాలకు పంపి తాకట్టు పెట్టుకున్నాం. సోవియట్ యూనియన్ కూలిపోయింది, ఆయుధాలు, విడిభాగాలు అక్కడి నుంచే రావాలి, పంజాబ్, కశ్మీర్ మండుతున్నాయి. ఆ పరిస్థితిలో ఉత్తరాన ఇంకో కుంపటి పెట్టుకునే స్తోమత దేశానికి ఉందా అని అడిగారు. 1975లో అరుణాచల్‌లోని తులుంగ్ లా కనుమ దగ్గర మన జవాన్లు పోయిన తర్వాత 2020 దాకా 45 ఏళ్లు ఆ సరిహద్దులో చైనావాళ్ల చేతిలో మన జవాను చనిపోలేదు, ఆ కాలంలోనే దేశం నిలదొక్కుకుంది అన్నారు. ఆర్మీ సారు "ఆ కాలాన్ని వాళ్లు మనకంటే బాగా వాడుకున్నారు కదండీ" అన్నారు. పెద్దాయన "అది నిజం" అని ఒప్పుకున్నారు, కానీ తప్పు ఒప్పందానిది కాదు, మనం రోడ్లు ఆలస్యంగా వేసుకోవడానిది అన్నారు. నలభై నిమిషాలు ఇట్లా. ఒక్కసారి కూడా గొంతు పెరగలేదు. నాకు ఇద్దరి మాటా సగం సగం సరిగ్గానే అనిపించింది, ఇప్పటికీ తేల్చుకోలేదు. పీవీ పేరు మీద మనకు విగ్రహాలు, రోడ్లు ఉన్నాయి గానీ ఆయన చేసిన పని గురించి ఇంత వివరంగా మన జిల్లాలోనే ఎవరైనా చెప్పగా వినడం నాకు ఇదే మొదటిసారి.

నా యూరియాకు జవాబు ఐదో వారం దొరికింది. బస్తాలో ఉన్నది ఒక రకంగా గ్యాసే అన్నారు ఎకనామిక్స్ సారు. రామగుండంలో ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యమున్న ప్లాంటు గ్యాసుతోనే నడుస్తుంది. దేశానికి కావాల్సిన గ్యాసులో దాదాపు సగం దిగుమతి, ఓడల్లో వచ్చే ద్రవ గ్యాసు ఎక్కువగా ఖతార్‌ది, అది హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. ఆ జలసంధి బాగా ఇరుకైన చోట వెడల్పు 33 కిలోమీటర్లు, అంటే సుమారుగా హనుమకొండ నుంచి పరకాల దాకా. ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు కూడా ఆ సందులోంచే పోతుందని అప్పటి లెక్క. ఇది ఒక దారి. రెండోది చైనా. తయారైన యూరియాను అమ్మే పెద్ద దేశాల్లో అదొకటి, 2023 నుంచి ఎగుమతుల మీద పట్టు బిగించింది. 2025 ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీకి వచ్చి మన జాతీయ భద్రతా సలహాదారు అజిత్ డోభాల్‌తో సరిహద్దు చర్చలు జరిపినప్పుడే ఎరువుల సంగతి కూడా మాట్లాడుకున్నారు. సరిగ్గా అదే వారం మా షాపు ముందు చెప్పులు ఉన్నాయి. కొరతకు ఇక్కడి కారణాలు కూడా ఉన్నాయని సారు దాచలేదు, కానీ లద్దాఖ్ కొండకూ నా గోదాముకూ మధ్య దారి ఉందని నాకు అప్పుడే కనిపించింది.

ఆ వారమే ఖతార్ గురించి ఒక మంచి పాఠం. 2023 అక్టోబరులో మన మాజీ నౌకాదళ ఉద్యోగులు ఎనిమిది మందికి అక్కడ మరణశిక్ష పడింది, డిసెంబరులో తగ్గింది, 2024 ఫిబ్రవరి 12న విడుదలయ్యారు. అంతకు వారం ముందే 2028 నుంచి 2048 దాకా ఏడాదికి 75 లక్షల టన్నుల గ్యాసు కొనే ఒప్పందం కుదిరింది. "గ్యాసు కొని మనుషుల్ని విడిపించుకున్నామా సార్?" అని నేనే అడిగాను. పెద్దాయన, రెండు సంగతులు పక్కపక్కన జరిగితే ఒకటి ఇంకోదానికి కారణమని రాసేసుకోవద్దు, గ్యాసు బేరం ఎన్నో నెలల ముందు నుంచి నడుస్తుంది, నేను ఆ గదిలో లేను కాబట్టి చెప్పను అన్నారు. తెలియని చోట తెలియదనే నిపుణుణ్ని చూసి నాకు ఎంత గౌరవం కలిగిందో.

పత్తి మీద ఎకనామిక్స్ సారు చెప్పింది ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే ప్రతి రైతూ వినాలి. అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది, బట్టల ఎగుమతిదారులు కుదేలయ్యారు, వాళ్లకు ఊరటగా కేంద్రం దిగుమతి పత్తి మీది 11 శాతం సుంకం ఎత్తేసి డిసెంబరు 31 దాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే రోజులు. ఆ సీజన్ మద్దతు ధర 8,110 రూపాయలు కాగితం మీద ఉండేది, తేమ పేరు చెప్పి వెనక్కి పంపిన బండ్లు నేను కళ్లారా చూశాను. వాషింగ్టన్‌లో ఒకరు సంతకం పెడితే దెబ్బ బట్టలు కుట్టే తిరుపూరు మీద పడుతుందని అనుకుంటాం, అది తిరిగి తిరిగి మన వరంగల్ రైతు మీద పడింది.

సింధు జలాల తరగతి కూడా బాగుంది. పాకిస్తాన్‌తో 1960లో చేసుకున్న ఒప్పందాన్ని 2025 ఏప్రిల్ 23న నిలిపివేశాం, అయితే మరుసటిరోజే నీళ్లు ఆగుతాయా అంటే, ఆపిన నీళ్లు పట్టడానికి మన శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) లాంటి రిజర్వాయర్లు అక్కడ కావాలి కదా అన్నారు పొలిటికల్ సైన్స్ సారు. కాకతీయ కాలువ కింద ఎవుసం చేసేవాళ్లకు ఇంకో ముక్క చెప్పాల్సిన పని లేదు. జాతీయ భద్రతా మండలి, కేబినెట్ కమిటీ, కార్గిల్ సమీక్షా కమిటీ, త్రివిధ దళాలకు కలిపి పెట్టిన సీడీఎస్ పదవి, ఇవన్నీ ఉన్న రెండో వారం మాత్రం చప్పగా సాగింది, పరీక్షలు రాసేవాళ్లకు పనికొస్తుంది.

ఇక లోపాలు. స్లైడ్లన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి, మాట తెలుగులో, తెర ఇంగ్లిషులో ఉంటే నా పక్కన కూర్చున్న అక్క నోట్సు రాసుకోలేక ఇబ్బంది పడింది. బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక మూడింటినీ ఒకే గంటలో కుక్కేశారు. పాఠం చెప్పినవాళ్లలో ఒక్క మహిళ లేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది గల్ఫ్ తరగతి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లలో ఇంటికొకరు అక్కడ ఉన్నారు. రెండు గంటల్లో గంటా ముప్పావు చమురు, ఓడరేవులు, ఇరాన్, ఇజ్రాయెల్. కార్మికులకు మిగిలింది పదిహేను నిమిషాలు. ఒకామె లేచి, మా ఆయన కువైట్‌లో ఉన్నాడు, పాస్‌పోర్టు సేటు దగ్గరే పెట్టుకున్నాడు, రేపు యుద్ధమొస్తే ఎట్లా అని అడిగింది. పెద్దాయన 1990లో కువైట్ నుంచి లక్షా డెబ్బై వేల మందిని తీసుకొచ్చిన సంగతి చెప్పి, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోవడం తప్పు, రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు, ప్రవాసీ భారతీయ బీమా 275 రూపాయలకు రెండేళ్లు ఉంటుంది, ప్రమాదంలో పోతే పది లక్షలు వస్తాయి, అది ఉందో లేదో చూసుకోండి అన్నారు. ఆమె చేతిలో ఉన్న బస్సు టికెట్టు వెనక ఆ అంకెలు రాసుకుంది. టైమైపోయిందని అక్కడితో ఆపేశారు. దీనికి ఒక పూర్తి ఆదివారం ఇవ్వాలి. నడిపేవాళ్లకు ఫీడ్‌బ్యాక్ ఫారంలో కూడా ఇదే రాసిచ్చాను.

వెళ్లేవాళ్లు గోడకు తగిలించే ఆసియా మ్యాపు ఒకటి కొనుక్కోండి, మొదటిరోజు నుంచే పనికొస్తుంది. నాది ఇప్పుడు షాపులో తూకం మిషన్ పైన ఉంది. యాసంగికి బస్తాల కోసం ఆ పెద్దమ్మ మళ్లీ వచ్చినప్పుడు హోర్ముజ్ మీద వేలు పెట్టి చూపించాను. ఆమె దగ్గరికి వచ్చి చూసి, "గీడ ఆగితే మనకు రాదా?" అంది. "అదొక్కటే కాదమ్మా, ఇంకో దారి కూడా ఉంది" అని చైనా వైపు చూపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టాను.