కోర్టు పోరాటమా, ఖైదీల మార్పిడా? క్యూబా ఐదుగురికి ఏది మేలు చేసింది

1998 సెప్టెంబర్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ మయామిలో ఐదుగురు క్యూబా ఏజెంట్లను పట్టుకుంది. అంతకుముందు ఏడాదే హవానా హోటళ్లలో బాంబులు పేలి ఒక ఇటలీ యువకుడు చనిపోయాడు. అలాంటి దాడులు చేయిస్తున్న, మయామిలోని క్యూబా ప్రవాసుల ముఠాలపై నిఘా పెట్టడానికే వీళ్లను పంపామని క్యూబా చెప్పింది. అమెరికా మాత్రం గూఢచర్యం కుట్ర కేసు పెట్టింది. 1996లో క్యూబా యుద్ధవిమానాలు ప్రవాసుల రెండు చిన్న విమానాలను కూల్చి నలుగురిని చంపిన ఘటనలో, ఐదుగురిలో ఒకరైన గెరార్డో హెర్నాండెజ్‌పై హత్య కుట్ర కూడా మోపింది.

ఐదుగురికీ జైలు శిక్షలు పడ్డాయి. అయినా కోర్టు దారిని తీసిపారేయలేం. క్యూబా వ్యతిరేకత నిండిన మయామిలో న్యాయమైన విచారణ జరగలేదంటూ 2005లో అప్పీలు కోర్టు ధర్మాసనం మళ్లీ విచారించమంది. 2006లో పూర్తి ధర్మాసనం దాన్ని కొట్టేసింది. 2009లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. అయినా అదే ఏడాది ముగ్గురికి శిక్షలు తగ్గాయి. వాళ్లలో ఒకరైన ఫెర్నాండో గొంజాలెజ్ 2014 ఫిబ్రవరిలో శిక్ష ముగించుకుని బయటికొచ్చాడు.

గెరార్డో సంగతి వేరు. అతనికి పడినవి రెండు యావజ్జీవాలు, ఒక్కటీ తగ్గలేదు. భార్య ఆడ్రియానాకు అమెరికా వీసా ఇవ్వలేదు. వయసు దాటిపోతోంది, పిల్లలు కావాలని ఆమె అమెరికా సెనెటర్ ప్యాట్రిక్ లేహీని కలిసి అడిగింది. ఆయన కార్యాలయం చొరవతో, భర్త జైల్లో ఉండగానే కృత్రిమ గర్భధారణకు ఏర్పాట్లు జరిగాయి. 2014 డిసెంబర్ 17న విడుదలైన గెరార్డో హవానాలో దిగేసరికి ఆమె నిండు గర్భిణి. నాకు ఈ కేసులో అన్నింటికన్నా గుర్తుండిపోయేది ఇదే.

ఐదుగురిలో ఇంకొకరు, రెనే గొంజాలెజ్, 2011లోనే జైలు నుంచి బయటికొచ్చాడు. గెరార్డోతో కలిపి జైల్లో మిగిలిన ముగ్గురూ ఆ రోజు వచ్చింది మార్పిడితోనే. బదులుగా క్యూబా తన జైల్లో దాదాపు ఇరవై ఏళ్లుగా ఉన్న అమెరికా ఏజెంటును వదిలింది. ఐదేళ్లుగా ఖైదులో ఉన్న అమెరికన్ అలన్ గ్రాస్ కూడా అదే రోజు ఇంటికి వెళ్లాడు.

అందుకే యావజ్జీవం పడ్డవాళ్లకు మార్పిడే మేలంటాను. శిక్షకు గడువున్నవాళ్లు కోర్టును వదలకూడదు, అక్కడ తగ్గే ప్రతి ఏడాదీ లెక్కే.

కానీ మార్పిడి మనుషుల్ని ఇంటికి చేర్చిందే తప్ప, వాళ్లను మయామికి పంపించిన అసలు కారణాన్ని ముట్టుకోలేదు. 1976లో 73 మందితో క్యూబా విమానం పేలిపోయిన కేసులో నిందితుడు, అమెరికాలో ఉన్న క్యూబా ప్రవాసి లూయిస్ పొసాడా కారిలెస్‌ను అప్పగించమని వెనెజులా అడిగింది. అమెరికా అప్పగించలేదు. 2011లో అక్కడి కోర్టు అతనిపై విచారించింది ఇమిగ్రేషన్ అధికారులకు అబద్ధాలు చెప్పాడన్న ఆరోపణలను. వాటిలోనూ నిర్దోషిగా తేలాడు. 2018లో ఫ్లోరిడాలో స్వేచ్ఛగానే చనిపోయాడు.