బిజినెస్ ప్లాన్‌కి మార్కెట్ లెక్కలు: ఏ సర్వీసు ఎంతవరకు పనికొస్తుంది?

ప్లాన్‌లో మార్కెట్ సైజు అంకె కనబడగానే అప్పిచ్చేవాళ్లయినా, పెట్టుబడి పెట్టేవాళ్లయినా "ఇది ఎక్కడిది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పనిచ్చే సర్వీసే మంచిది. అలా చూస్తే యూఎన్ కామ్‌ట్రేడ్ అన్నిటికన్నా ముందు. గణాంకాల వెబ్‌సైటు స్టాటిస్టా, పరిశ్రమల నివేదికలు అమ్మే ఐబిస్‌వరల్డ్ దాని తర్వాత. "2030 నాటికి ఇన్ని బిలియన్లు" అంటూ గూగుల్‌లో ముందు వరసలో కనిపించే రిపోర్టు ప్రకటనలు చిట్టచివర.

కామ్‌ట్రేడ్ ఐక్యరాజ్యసమితిది. దేశాలు ఇచ్చిన ఎగుమతి, దిగుమతి లెక్కలు 1962 నుంచి ఉన్నాయి, ప్రాథమిక వాడకం ఉచితం. వస్తువు పేరు కన్నా హెచ్‌ఎస్ కోడ్‌తో, అంటే కస్టమ్స్‌లో సరుకులను గుర్తించే అంకెతో, వెతకడం మేలు. ఈ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు అన్ని దేశాలకూ ఒకటే. చాలామంది బోల్తా పడేది కూడా ఇక్కడే. ఎలక్ట్రిక్ సైకిళ్లనే తీసుకోండి. మామూలు సైకిల్ కోడ్ 871200. మోటారు ఉన్నది అందులోకి రాదు, 871160లోకి వెళ్తుంది. ఆ కోడ్ 2017 సవరణలోనే పుట్టింది. అంతకుముందు అవి 871190లో, అంటే "ఇతరాలు" గంపలో కలిసి ఉండేవి. ఇది తెలియకుండా 2014 నుంచి గ్రాఫ్ గీస్తే సున్నా దగ్గర పడుకున్న గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. దాన్ని గిరాకీ అనుకుంటే మోసపోయినట్టే, సరుకు ఒక అర నుంచి ఇంకో అరకు మారిందంతే. పైగా 871160లో ఎలక్ట్రిక్ స్కూటర్లు, మోటార్ సైకిళ్లు కూడా ఉంటాయి. కాబట్టి విలువను సంఖ్యతో భాగించి ఒక్కోదాని సగటు ధర చూడండి. అది మీ వస్తువు ధరకు ఆమడ దూరంలో ఉంటే ఆ అంకెను యథాతథంగా వాడకూడదు.

ఇంకో సంగతి. దిగుమతి విలువలో సాధారణంగా రవాణా, బీమా ఖర్చులు కలిసి ఉంటాయి, ఎగుమతి విలువలో ఉండవు. అందుకే ఒకే సరుకుకు రెండు దేశాలు రెండు విలువలు చూపిస్తాయి. దేశంలోనే తయారై అక్కడే అమ్ముడైన సరుకు వీటిలో ఉండదు. ఉత్పత్తికి దిగుమతి కలిపి ఎగుమతి తీసేస్తే వాడకం సుమారుగా తెలుస్తుంది. ఉత్పత్తి లెక్క ఆ దేశపు గణాంక శాఖ దగ్గర తీసుకోవాలి. సేవల వ్యాపారమైతే మాత్రం ఈ హెచ్‌ఎస్ లెక్కలు అక్కరకు రావు.

స్టాటిస్టాతో పని త్వరగా అవుతుంది. కానీ చాలా గ్రాఫులు వేరేవాళ్ల లెక్కలే. పక్కన ఉండే సోర్స్ వివరాలు తెరిచి, అసలు నివేదిక వెతికి, దాని పేరే ప్లాన్‌లో రాయండి. సర్వే అయితే ఎంతమందిని, ఎప్పుడు, ఎలా అడిగారో చూడండి. అది స్టాటిస్టా సొంత అంచనా అయితే అంచనా అనే చెప్పాలి.

ఐబిస్‌వరల్డ్ బలం పరిశ్రమ స్వరూపంలో ఉంది: ఖర్చులు ఎటు పోతాయి, లాభం ఎంత మిగులుతుంది, పోటీ ఎలా ఉంది. వర్గీకరణ విశాలం కాబట్టి చిన్న ప్రత్యేక వ్యాపారం అందులో మునిగిపోతుంది. కొనే ముందు దగ్గర్లోని యూనివర్సిటీ లేదా పెద్ద పబ్లిక్ లైబ్రరీలో అడగండి. చాలాచోట్ల చందా ఉంటుంది.

అమెరికాలో లిస్టయిన పోటీదారుల కోసం అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వాళ్ల ఎడ్గార్ (కంపెనీలు సమర్పించే పత్రాల వెబ్‌సైటు) ఉచితం. 10-కె అనే వార్షిక నివేదికలో ఐటెమ్ 1, 1ఏ, 7 చదివితే ఎవరికి అమ్ముతున్నారో, దేనికి భయపడుతున్నారో, అమ్మకాలు ఎందుకు మారాయో కంపెనీ మాటల్లోనే దొరుకుతుంది. ఈ ఆణిముత్యాన్ని చాలామంది తెరిచి కూడా చూడరు.

ఇక ఆ రిపోర్టు ప్రకటనల్లో ముందు గుణకారం సరిచూడండి. ఏటా 12 శాతం చొప్పున ఎనిమిదేళ్లు పెరిగితే 100 సుమారు 248 అవుతుంది. ప్రకటనలో మొదటి, చివరి అంకెలు ఇలా కుదరకపోతే అక్కడే వదిలేయండి. కుదిరినా డబ్బు కట్టే ముందు విషయసూచిక, నమూనా పేజీలు, మార్కెట్ నిర్వచనం అడిగి తీసుకోండి. లెక్క తయారీదారు ధరలోనా, చిల్లర ధరలోనా అన్నది రాతపూర్వకంగా చెప్పమనండి. లైసెన్సు కూడా చదవండి. ఒక్కరికే అని ఉంటే ఆ పేజీలను ప్లాన్‌కి జతచేసి పంచడానికి వీలుండకపోవచ్చు.