తెలుగు అలంకార అక్షరాల "వెక్టర్ ప్యాక్" అమ్ముతున్నారు, డబ్బులు కొట్టేముందు ఇది చదవండి

కోనసీమ, పాలకొల్లు, భీమవరం వైపు డీటీపీ షాపులు, ఫ్లెక్స్, రేడియం స్టిక్కర్ కటింగ్ చేసేవాళ్లందరికీ చెప్తున్నానండి. వాట్సాప్‌లో ఒక ప్యాక్ తెగ తిరుగుతోంది, "తెలుగు అలంకార అక్షరాలు, పూర్తిగా చేత్తో గీసినవి, ప్యూర్ వెక్టర్, సీడీఆర్ ఎస్వీజీ రెండూ ఇస్తాం" అని. వెక్టర్ అంటే చుక్కలుగా కాకుండా గీతలుగా ఉండే బొమ్మ, ఎంత పెద్దది చేసినా చెదరదు; సీడీఆర్, ఎస్వీజీ అలాంటి ఫైళ్ల రకాలు. పెళ్లి కార్డు మీద వధూవరుల పేర్ల మొదటి అక్షరం తీగలతో పువ్వులతో పెద్దగా వేస్తాం కదా, అవి. శ్రావణం ముహూర్తాల పనికి ఉంటాయని తీసుకున్నా. దయచేసి ఎవరూ కొనొద్దండి.

శాంపిల్ బొమ్మలో చూస్తే చాలా బాగుంటాయి. కోరల్ డ్రా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ చేసి వ్యూ మెనూలో వైర్‌ఫ్రేమ్ (రంగులు తీసేసి ఉత్త గీతలే చూపించేది) పెడితే బండారం బయటపడింది. కొన్ని అసలు వెక్టరే కాదు, జేపీజీని ఇంపోర్ట్ చేసి సీడీఆర్‌గా సేవ్ చేసి పడేశారు, క్లిక్ చేస్తే కింద స్టేటస్ బార్‌లో బిట్‌మ్యాప్ (ఫొటోలా చుక్కల బొమ్మ) అనే వస్తోంది. మిగతావి ఆటో ట్రేస్ కొట్టినవి, అంటే బొమ్మ అంచుల్ని సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చినవి. చేత్తో గీసినోళ్లు తీగ వంపుకి రెండో మూడో నోడ్లు (గీతను పట్టి వంచే బిందువులు) పెట్టి హ్యాండిల్ లాగి సాఫీగా తిప్పుతారు, ఇక్కడ ఒక్క ఆకు అంచు మీదే ఉప్పు చల్లినట్టు నోడ్లు. రేడియం కటింగ్‌కి పంపితే బ్లేడు ఆ నోడ్ నోడ్‌కీ తిరిగి అంచంతా రంపంలా వచ్చింది, అక్షరం చుట్టూ మిగిలిన వేస్ట్ స్టిక్కర్ పీకుతుంటే సన్న తీగలన్నీ దాంతోపాటే ఊడొచ్చేశాయి. రిడ్యూస్ నోడ్స్ కొడితే వంపు పోయి అక్షరమే మారిపోతోంది.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది "ధ". దాని కిందుండే చిన్న గీత ట్రేస్‌లో పక్కనున్న ఆకుతో కలిసిపోయి "ద" అయి కూర్చుంది. పెళ్లికూతురు పేరు ధనలక్ష్మి అయితే ఏం చేస్తారు చెప్పండి, కార్డు మీద దనలక్ష్మి అని పడితే ఇంట్లో పెద్దోళ్లు ఊరుకుంటారా? "ఫ" కూడా అంతే, "ప" లా ఉంది. అక్షరం లోపలి ఖాళీలు కూడా కంబైన్ చేసి నిజంగా రంధ్రంలా తీసినవి కావు, పైన తెల్ల ముక్క అతికించారు, మెరూన్ రంగు మీద పెట్టగానే తెల్ల మచ్చలు కనపడిపోతున్నాయి.

ఇక "చేత్తో గీసినవి" అన్న మాట. అక్షరం వెనకాల నల్ల చతురస్రంలో ఉన్న తెల్ల ద్రాక్ష తీగలు ఇంగ్లండులో విలియం మోరిస్ 1891లో మొదలుపెట్టిన కెల్మ్‌స్కాట్ ప్రెస్ అనే ప్రింటింగ్ ప్రెస్ అక్షరాలవి, ఆయన పోయిందే 1896లో, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయి అందరికీ ఫ్రీ. మధ్యలో ఇంగ్లీషు అక్షరం చెరిపేసి తెలుగుది పెట్టారు, అదీ సరిగ్గా చెరపలేదు, "మ" వెనకాల ఇంగ్లీషు ఎమ్ కాలు సగం అలాగే ఉంది. పెట్టిన తెలుగు అక్షరమేమో గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరికే రామరాజ ఫాంటు. ఓపెన్ లైసెన్సే, దాంతో డిజైన్ చేసి అమ్ముకోవచ్చు, తప్పులేదు, కానీ నేనే గీశానని అబద్ధం చెప్పి అమ్మడం ఏంటండీ? నిజంగా కూర్చుని శ్రీకారం గీసే ఆర్టిస్టులు మన దగ్గర ఇంకా ఉన్నారు, వాళ్ల పొట్ట కొట్టడం కాదా ఇది.

ఎవరి దగ్గర కొన్నా ముందు ఒక అక్షరం ఫైలు, బొమ్మ కాదు ఫైలు, అడిగి తీసుకోండి. ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్ వై కొట్టి, ఇంక్‌స్కేప్‌లో అయితే వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్ ఔట్‌లైన్ పెట్టి గీతలు చూడండి. శాంపిల్‌గా "ధ" గానీ "థ" గానీ "శ్రీ" గానీ అడగండి, "క", "గ" ఇస్తే తెలీదు, వత్తులూ చుక్కలూ ఉన్న చోటే పని తెలుస్తుంది. ఇవ్వనంటే వదిలేయండి. ఇంక్‌స్కేప్ ఫ్రీయే, రామరాజో సూరన్న ఫాంటో పెట్టి టైప్ చేసి ఆబ్జెక్ట్ టు పాత్ (అక్షరాన్ని గీతగా మార్చే కమాండ్) కొట్టి మీ తీగ మీరే గీసుకున్నా ఇంతకంటే నయంగా వస్తుంది.

డబ్బులు వెనక్కి అడిగితే "డిజిటల్ ఐటమ్ సార్, రిఫండ్ ఉండదు" అన్నాడు, వైర్‌ఫ్రేమ్ స్క్రీన్‌షాట్లు పెట్టగానే బ్లాక్ చేసేశాడు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టా. మీలో ఇంకెవరైనా కొనుంటే చాట్ డిలీట్ చెయ్యకండి, పేమెంట్ రిసీటూ స్క్రీన్‌షాట్లూ దాచి మీరూ పెట్టండి, డబ్బులు కట్టాక అసలు ఫైలే రాకపోతే మాత్రం లేట్ చెయ్యకుండా సైబర్ వాళ్ల 1930కి చెయ్యండి.